సవరణ: పికప్ తొట్టిలో టిఫిన్ క్యాబిన్ బిగింపు

పికప్ మీద టిఫిన్ క్యాబిన్ (టిఫిన్లు అమ్మే డబ్బా కొట్టు) కూర్చోబెట్టడం గురించి ముందు పెట్టిన పోస్టులో, నాలుగు రాట్చెట్ బెల్టులు (పళ్ల చక్రం పిడితో బిగించే పట్టీలు) తొట్టి సైడ్ డోర్ల కొక్కేలకు వేసి వీలైనంత గట్టిగా లాగాలని ఉంది. ఆ రెండు మాటలూ మార్చి చదవండి.

సైడ్ డోరు పల్చటి రేకు, దాన్ని పట్టి ఉంచేది గొళ్లెం మాత్రమే. 600 కిలోల క్యాబిన్ గట్టి బ్రేకుకి దాదాపు 480 కిలోల బలంతో ముందుకు తోస్తుంది, మలుపులో 300 కిలోలతో పక్కకి. రణస్థలం దగ్గర హైవే మీద లారీ అడ్డొస్తే ఆ గొళ్లెం ఆగదు. బెల్టు కొక్కెం ఛాసిస్‌కి (బండి అడుగు ఫ్రేముకి) బిగించిన బ్రాకెట్‌కే పడాలి. ముందు రెండూ ముందుకి వాలుగా, వెనక రెండూ వెనక్కి వాలుగా లాగాలి. నిటారుగా కిందికి లాగితే జారుడు ఆగదు. క్యాబిన్ కింద రబ్బరు షీటు తప్పనిసరి.

అతిగా బిగిస్తే క్యాబిన్ ఫ్రేము వెల్డింగు దగ్గర చీలుతుంది. బెల్టు వదులు లేకుండా నిలిచాక రాట్చెట్ ఇంకో ఒకట్రెండు పళ్లు తిప్పితే చాలు. నైలాన్ బెల్టు తడిస్తే సాగుతుంది కాబట్టి పాలిస్టర్‌దే కొనండి. బయల్దేరిన 15–20 కిలోమీటర్లకి ఆగి మళ్లీ చూసుకోవాలి.

బరువు కాటా మీదే తేల్చండి, నీళ్ల డ్రమ్ము నింపి మరీ. 200 లీటర్లంటే 200 కిలోలు! ఆ డ్రమ్ము వెనక ఇరుసుకి ముందువైపే ఉండాలి.

కళింగపట్నం వంటి తీరాల్లో నడిపేవాళ్లు కొక్కేల తుప్పు వారం వారం చూడండి.