తలుపు గడియ ఎవరి చేతికి అందాలి?

మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం బడిని రూపొందించేటప్పుడు గదుల గురించి ఎంతో చర్చ జరుగుతుంది. ఆవరణ మాత్రం గదులు పోగా మిగిలిన ఖాళీ స్థలంగానే ఉండిపోతుంది. లోపల చదువు, బయట ఆట అన్న విభజన మన మనసుల్లో అంతగా నాటుకుపోయింది. ఆ రెంటినీ కలిపే తలుపు గురించి, దాని గడియ ఎంత ఎత్తున ఉందన్న విషయం గురించి దాదాపుగా ఎవరూ ఆలోచించరు. నా అభిప్రాయంలో రూపకల్పన మొదలుకావలసింది అక్కడే.

ఒక బడిలో నేను చూసిన దృశ్యం చెబుతాను. నాలుగేళ్ల పాప ఒకతె రాయి కింద దొరికిన నత్తను ఆకు మీద పెట్టుకుని, అది జారిపోకుండా రెండు చేతులా పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. లోపల కిటికీ పక్కన బల్ల మీద భూతద్దం ఉందని తనకు తెలుసు. కానీ తలుపు వేసి ఉంది, గడియేమో పెద్దవాళ్ల భుజాల ఎత్తున ఉంది. ఉపాధ్యాయురాలు వచ్చి తలుపు తీసేసరికి నత్త గుల్లలోకి ముడుచుకుపోయింది. "దాన్ని అక్కడే వదిలేసి రామ్మా" అన్నారు. పాప వదిలేసి లోపలికి వచ్చింది. భూతద్దం వైపు మళ్లీ చూడలేదు.

అక్కడ ఉపాధ్యాయురాలిని తప్పుపట్టలేం, ఎందుకంటే ఆ గది నేల తడికి, మట్టికి తగినది కాదు. పిల్లల చేతికందే గడియ, తుడిస్తే శుభ్రపడే నేల, గుమ్మం పక్కనే తక్కువ ఎత్తులో ఒక కుళాయి, కూర్చుని చెప్పులు వేసుకోవడానికి పొట్టి బల్ల, వానలోనూ ఎండలోనూ పనికొచ్చేంత వెడల్పైన వసారా ఉండి ఉంటే నత్త లోపలికి వచ్చేది, భూతద్దం బయటికి వెళ్లేది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1840లో జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ తన బడికి కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట, అని పేరుపెట్టడమే కాక, మొక్కలు నాటి పెంచడానికి పిల్లలకు సొంత మడులు కూడా ఏర్పరచాడు. 1914లో లండన్‌లోని డెప్ట్‌ఫర్డ్‌లో మెక్‌మిలన్ సోదరీమణులు నెలకొల్పిన శిశు పాఠశాలలో పిల్లల పాకలు తోటలోకే తెరుచుకునేవి. ఇంత పాత విషయాన్ని మనం ఎందుకు మరచిపోయామో నాకు అర్థం కాదు.

గదుల్లో మనం పెట్టే శ్రద్ధ కూడా చాలావరకు పెద్దల కంటికోసమే. మూడేళ్ల పిల్లల ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు. కళ్లు అంతకంటే కిందే ఉంటాయి. ఆ ఎత్తుకు మోకాళ్ల మీద వంగి చూస్తే చాలా గదుల్లో కనిపించేవి బల్లల కాళ్లు, కిటికీ కింది గోడ మాత్రమే. పైన మాత్రం రంగురంగుల బొమ్మలు కిక్కిరిసి ఉంటాయి. అలంకరణ ఎక్కువైన గదిలో పిల్లల దృష్టి చెదిరి, నేర్చుకున్నది తగ్గిందని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో చూపించారు. గోడలు పూర్తిగా బోసిగా ఉండాలని నేను అనడం లేదు. పిల్లలు తమ చేతులతో చేసినవి కొన్నే, వారి కంటి ఎత్తులో ఉంటే చాలు.

ఇక ఆవరణలో జారుడుబల్ల ఒక్కటే ఉంటే, జారడం వచ్చాక పిల్లలకు అక్కడ కొత్తగా చేయడానికి ఏమీ మిగలదు. మట్టి, నీళ్లు, ఇసుక, చెక్క పలకలు, గోనెసంచులు, చిన్న గుట్ట ఉంటే రోజుకో పని పుడుతుంది: నీటికి దారి తవ్వుతారు, ఆ దారి కూలితే ఎందుకు కూలిందో వాదించుకుంటారు. కొలత, బరువు, వాలు వారికి పరిచయమయ్యేది అలాంటి వాదనల్లోనే.

తలుపు పిల్లల చేతికిస్తే ప్రమాదం కాదా అని తల్లిదండ్రులు అడుగుతారు, ఆ భయం న్యాయమైనదే. అందుకే ఆవరణ చుట్టూ గట్టి కంచె, వీధి గేటుకు పెద్దలకు మాత్రమే అందే గడియ, ఉపాధ్యాయులు గదిలో నిలబడినా బయటి మూలలన్నీ కనిపించేలా కిటికీలు ఉండాలి. ఆ ఏర్పాట్లన్నీ ఉన్నచోట, గదికీ ఆవరణకీ మధ్య తలుపు గడియను మూడేళ్ల బిడ్డ మోచేతి ఎత్తుకు దించడానికి అభ్యంతరమేమీ ఉండదు.