కంప్యూటర్ మీద పెత్తనం ఎవరిది?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విజయవాడ గవర్నర్‌పేటలోనైనా, గుంటూరు బ్రాడీపేటలోనైనా కంప్యూటర్ షాపు మెట్లెక్కినవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: మా పాత సిస్టమ్‌కి విండోస్ 11 ఎక్కుతుందా, కొత్తది కొనాల్సిందేనా? టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేకపోతే, ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరం కంటే పాతదైతే అధికారికంగా ఎక్కదు. అంటే నిక్షేపంలా పనిచేస్తున్న యంత్రాన్ని మూలన పడేయాలి. ఏడాది పొడిగింపు ఇచ్చారు గానీ, అదీ డబ్బు కట్టడమో, మన సెట్టింగులను వాళ్ల క్లౌడ్‌కి పంపడమో లాంటి షరతుల మీదే. ఈ గొడవంతా ఎందుకని క్రాక్ వెర్షన్ వేయించుకుని పోయేవాళ్లకూ కొదవ లేదు.

ఏది చౌక, ఏది అలవాటు అన్న లెక్కలు కాసేపు పక్కన పెట్టి, ఈసారి వేరే ప్రశ్నతో మొదలుపెట్టాలని మేం కోరుతున్నాం. సొంత డబ్బుతో కొన్న కంప్యూటర్ మీద పెత్తనం ఎవరిది? 1983లో అమెరికన్ ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్, స్వేచ్ఛగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించడం వెనక ఉన్నది ఈ ప్రశ్నే. ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకునే హక్కు, లోపల అదేం చేస్తోందో చదివి మార్చుకునే హక్కు, పదిమందికి కాపీ ఇచ్చే హక్కు, మార్చినదాన్ని పంచే హక్కు. ఈ నాలుగూ ఉంటేనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) మరుసటి ఏడాది గ్నూ లైసెన్సు కిందికి రావడంతో, ఈ హక్కులన్నీ ఉన్న పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్‌కి దారి పడింది.

మాకు కోడ్ చదవడం రాదు కదా, ఈ హక్కులతో మాకేం పని అనేవాళ్లుంటారు. చదవడం వచ్చినవాళ్లు మన తరఫున చదువుతారు, లోపముంటే బయటపెడతారు, సరిచేస్తారు. తయారుచేసినవాళ్లు చేతులెత్తేసినా ఇంకొకరు అందుకుని నడపగలరు. మాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఈ చివరిదే. ఎందుకంటే అది లేకపోతే ఏమవుతుందో విజయవాడకు తెలిసినంతగా మరో ఊరికి తెలియదేమో.

తెలుగు పుస్తకాల అచ్చుకు ఈ ఊరు పెద్ద దిక్కు. ఇక్కడ ఎన్నో పుస్తకాలు ఏళ్ల తరబడి పేజీలు కట్టే అడోబ్ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో తయారయ్యాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. తర్వాత అడోబ్ దాన్ని వదిలేసింది. కోడ్ కంపెనీ దగ్గరే ఉండిపోయింది కాబట్టి, కొనసాగిద్దామన్నా బయటివాళ్లకు వీల్లేకపోయింది. పైగా అను ఫాంట్ల సంకేతాలు, ప్రపంచ భాషల అక్షరాలకు ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌వి కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, ఏవేవో గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. ఇరవై ఏళ్ల కిందటి పుస్తకం మళ్లీ వేయాలంటే పాత సిస్టమ్‌ని ఎలాగోలా బతికించుకోవాలి, లేదా కన్వర్టర్‌లో వేసి మార్చుకోవాలి. మార్చాక ఏ వత్తు ఎక్కడ జారిపోయిందోనని ప్రూఫులు మొదటి పేజీ నుంచి దిద్దాల్సిందే. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. అయినా మన కథలు, చరిత్రలు, పరిశోధనలు ఎన్నో వెతికితే దొరకని ఫైళ్లలో చిక్కుబడి ఉన్నాయి. ఇది మాకు నిజంగా బాధ కలిగించే విషయం.

డీటీపీ ఆపరేటర్లను తప్పుపట్టలేం. ఆ రోజుల్లో తెలుగు పేజీని ముచ్చటగా కట్టడానికి వాళ్ల చేతికి అందిన పనిముట్టు అదే. ఇప్పుడు వేరే దారి ఉంది. పేజీలు కట్టే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6 వెర్షన్ 2024లో వచ్చింది, అందులో యూనికోడ్ తెలుగుతో పేజీలు కట్టవచ్చు. చేతి అలవాటు పోతుందన్న బెంగ కూడా అక్కర్లేదు. లినక్స్‌లో భారతీయ భాషల ప్రామాణిక లేఅవుట్ ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు మన టైపిస్టులకు అలవాటైన ఆపిల్ కీబోర్డు లేఅవుట్ కూడా దొరుకుతుంది.

పెత్తనం మన చేతిలో లేకపోతే పెద్ద కంపెనీలకూ దిక్కుతోచదు. 2025 జులైలో యూరోపియన్ యూనియన్ ఆంక్షల తర్వాత, గుజరాత్‌లో రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు నిలిచిపోయాయి. ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. తర్వాత సేవలు తిరిగొచ్చాయి. ఆగినవి మెయిల్ లాంటి సేవలే, ఆపరేటింగ్ సిస్టమ్ కాదు, నిజమే. కానీ విండోస్ 11 హోమ్‌ను మొదటిసారి ఆన్ చేయగానే మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతున్నప్పుడు ఆ రెంటి మధ్య గీత ఎన్నాళ్లు నిలుస్తుంది? విజయవాడ పటమటలోని చిన్న ఆఫీసుకు అలాంటి గతి పడితే ఏ హైకోర్టుకు పోగలదు?

సరే, లినక్స్‌లో రకాలు చాలా ఉన్నాయి, ఏది ఎక్కించుకోవాలి? స్వేచ్ఛ కోరేవాళ్లలోనూ దీనిమీద ఏకాభిప్రాయం లేదు. ట్రిస్కెల్ అనే లినక్స్ రకం నిక్కచ్చి మనిషి లాంటిది. కోడ్ దాచిన ఒక్క ముక్కను కూడా లోపలికి రానివ్వదు, అందుకే స్టాల్‌మన్ స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆమోదించిన జాబితాలో ఉంది. చిక్కల్లా వైఫైతోనే. చాలా ల్యాప్‌టాప్‌ల వైఫై చిప్‌లకు కంపెనీ ఇచ్చే ఫర్మ్‌వేర్ (చిప్‌ను నడిపే ప్రోగ్రాం) తప్పనిసరి. దాని కోడ్ బయటికి ఇవ్వరు కాబట్టి ట్రిస్కెల్ దాన్ని ఇవ్వదు. సరిపడే యూఎస్‌బీ అడాప్టర్ వేరే కొనుక్కోవాలి. 1993 నుంచి వలంటీర్లు నడుపుతున్న మరో లినక్స్ రకం డెబియన్, 2022లో సభ్యుల ఓటింగ్ పెట్టి ఆ ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లో చేర్చాలని తేల్చుకుంది. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది అమల్లో ఉంది. మన కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌కు మూలం కూడా డెబియనే.

మా ఓటు డెబియన్‌కే. అది రాజీ పడింది, కానీ చాటుగా కాదు. కోడ్ దాచిన ఫర్మ్‌వేర్‌ను వేరే విభాగంలో పెట్టింది, వద్దనుకుంటే ఆపేసే వీలూ ఇచ్చింది. ట్రిస్కెల్ పనిచేసే యంత్రం ఉన్నవాళ్లు అదే వేసుకుంటే ఇంకా సంతోషం. కానీ వైఫై రాలేదని రెండో రోజే మళ్లీ క్రాక్ విండోస్ వైపు పరుగెత్తే పరిస్థితి వస్తే ఎవరికి లాభం?

అందరూ రేపే మారిపోవాలని మేం అనడం లేదు. మిర్చి యార్డు కమీషన్ వ్యాపారి లెక్కలు ట్యాలీలో ఉంటాయి, ట్యాలీ విండోస్ మీదే నడుస్తుంది. చాలా డీటీపీ సెంటర్లలో కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ లినక్స్‌లో సతాయిస్తుంది. డిజిటల్ సంతకం టోకెన్లు, వేలిముద్ర యంత్రాల తయారీదారులు చాలావరకు ముందు విండోస్‌నే చూసుకుంటారు. ఇక్కడ బాధ్యత ప్రభుత్వానిది. ఈ-గవర్నెన్స్‌లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమివ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. మన రాష్ట్రం కొనే ప్రతి పరికరానికీ లినక్స్ డ్రైవర్ (దాన్ని లినక్స్‌లో పనిచేయించే ప్రోగ్రాం) ఉండి తీరాలన్న షరతు టెండర్‌లోనే పెట్టాలి. ప్రజల డబ్బుతో అచ్చయ్యే ప్రతి తెలుగు పుస్తకం ఫైలునూ యూనికోడ్‌లోనే తీసుకోవాలి.

ఈలోగా ఎవరికి వారు చేసుకోగల పని ఒకటుంది. డెబియన్ లైవ్ పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేస్తే, హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోకుండానే కొత్త సిస్టమ్ నడుస్తుంది. వైఫై వస్తోందా, ప్రింటర్ తీస్తోందా, తెలుగు టైపవుతోందా చూసుకుని, నచ్చితేనే ఎక్కించుకోవచ్చు. మూలన పడేయబోయే పాత సిస్టమ్‌తోనే ఆ పరీక్ష మొదలుపెట్టవచ్చు. షాపులవాళ్లు కౌంటర్ మీద అలాంటి పెన్‌డ్రైవ్ ఒకటి సిద్ధంగా ఉంచి, అడిగినవాళ్లకు నడిపి చూపించాలి.