"పక్కం దాన్" అంటే ఎన్ని కిలోమీటర్లండీ?

ఇల్లు చేరి అరగంటైంది. బ్యాగులు హాల్లోనే పడున్నాయి. స్నానానికి గీజర్ వేసి, నీళ్ళు కాగేలోపు ఫోన్ చూద్దామని కూర్చున్నా. అదే నేను చేసిన తప్పు. దారిలో కార్లో కూర్చుని పెట్టిన రివ్యూకి నిన్న రాత్రి మేం దిగిన ఫామ్ స్టే ఓనరుగారు జవాబిచ్చారు. "డియర్ మేడం, మా దగ్గర దొరికేది అసలైన పల్లెటూరి అనుభవం. సిటీలో పెరిగినవాళ్ళకి ఇది అర్థం కాకపోవచ్చు." పక్కనే రెండు దండాల బొమ్మలు.

సిటీలో పెరిగానట నేను! రేపల్లె దగ్గర పల్లెటూళ్ళో పుట్టి, పదో తరగతి దాకా గేదెలకి కుడితి పెట్టాకే స్కూలుకి బయల్దేరిన మనిషిని. పేడ ఎత్తిన చేతులు ఇవి. దోమలు, కరెంటు కోత, బోరు నీళ్ళ ఉప్పు, ఇవన్నీ మా ఊళ్ళో ఫ్రీగా అనుభవించి, వాటి నుంచి పారిపోయి చదువుకుని చెన్నై వచ్చి పడ్డాను. ఇప్పుడు అవే నాకు రాత్రికి 6,500 రూపాయలకి అమ్మి, పైగా నీకు అర్థం కాలేదు అంటున్నాడు ఈయన.

సంగతి మొదట్నుంచి చెప్తాను. మా అత్తగారూ మామగారూ తెనాలి నుంచి వచ్చి నెలైంది. మామగారికి ఒకటే కోరిక, సెంజి కోట చూడాలి. ఇంగ్లీషు బోర్డుల మీద జింజీ, తమిళులకి సెంజి, మన పాత పుస్తకాల్లో చెంజి. 2025 జూలైలో యునెస్కో వాళ్ళు మరాఠాల కోటలు 12 కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు కదా, అందులో 11 మహారాష్ట్రవి, పన్నెండోది ఇదే. చాలామంది దీని పేరు అప్పుడే విన్నారు. మామగారు 60 ఏళ్ళ కిందటే విన్నారు, ఊళ్ళో రామాలయం ముందు బుర్రకథలో. దేశింగు రాజు కథ. ఆర్కాటు నవాబుతో తలపడి, వందల మందిని వెంటేసుకుని వేల మంది మీదికి వెళ్ళి 1714లో చచ్చిపోయిన కుర్రాడు. ఇరవై రెండేళ్ళట. అసలు పేరు తేజ్ సింగ్, బుందేలా రాజపుత్రుడు. దక్షిణాది నోళ్ళలో పడి దేశింగు అయ్యాడు. భార్య సహగమనం చేస్తే, చంపించిన ఆ నవాబే ఆమె పేరున రాణీపేట కట్టించాడంటారు. బెంగుళూరు పోతూ తోళ్ళ ఫ్యాక్టరీల వాసనకి మనం కారు అద్దాలు ఎత్తేస్తామే, ఆ రాణీపేటే.

చెన్నై నుంచి 160 కిలోమీటర్లు. తిండివనం దాకా జీఎస్టీ రోడ్డు (పన్ను కాదు, గ్రాండ్ సదరన్ ట్రంక్ రోడ్డు), అక్కడ కుడికి తిరిగితే ఇంకో అరగంట, ముప్పావుగంట. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు. కానీ మామగారికి 72. రోజూ నాలుగు కిలోమీటర్లు నడుస్తారు, మోకాళ్ళు బాగానే ఉన్నాయి, అయినా కోట ఉన్న రాజగిరి కొండ 800 అడుగులు. అంతా మెట్లు, రాయి. ఎండెక్కితే ఆ రాయి పెనం. కాబట్టి ముందు రోజు రాత్రి అక్కడే ఎక్కడో పడుకుని, గేటు తీసేసరికి గేటు ముందు ఉండాలి. చెప్పుకుంటే ఇంతే ప్లాను. దీన్ని కూడా పాడుచేయగలిగామంటే మా తెలివి చూడండి.

అత్తగారు మొదటి రోజే అన్నారు. "బస్టాండు దగ్గర ఏదో ఒక లాడ్జి ఉంటుంది కదమ్మాయ్. పడుకోడానికేగా." నేనూ మా ఆయనా ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుని నవ్వుకున్నాం. లాడ్జి అట! పిల్లలతో! మనకి యాప్ ఉండగా!

తిరువణ్ణామలై చూశాం. కోట నుంచి 40 కిలోమీటర్లు లోపే, హోటళ్ళు బోలెడు. కానీ ఆదివారం పౌర్ణమి. పౌర్ణమంటే గిరిప్రదక్షిణ, గిరిప్రదక్షిణంటే మన తెలుగువాళ్ళు. హైదరాబాదు, విజయవాడ, గుంటూరు, అందరూ అక్కడే. ఆటోవాళ్ళు తెలుగులో బేరాలాడుతున్నారు, టిఫిన్ సెంటర్ల బోర్డులు తెలుగులో. మామూలు రోజు 1,200 ఉండే గది 5,000 చూపించింది. మనమే పోయి మనకే రేట్లు పెంచుకున్నాం, ఇందులో అరవవాళ్ళని అనడానికేం లేదు. 14 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిచే భక్తులకి ఏసీ గది కావాలి మరి. సరే, అది వేరే పోస్టు.

మా ఆయన ఓటు పాండిచ్చేరికి. కోటకి 70 కిలోమీటర్లు. ఎందుకు పాండిచ్చేరో పెళ్ళైన ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. "అక్కడ కూడా చరిత్రే కదా, ఫ్రెంచివాళ్ళు" అన్నారు. నిజమే, ఆ ఫ్రెంచివాళ్ళు సెంజి నుంచి ఎత్తుకొచ్చినవేనంటారు బీచ్‌లో గాంధీ విగ్రహం చుట్టూ ఉండే రాతి స్తంభాలు. ఆ లెక్కన బీచ్ ఎదురుగా దిగి, బాల్కనీలో కూర్చుంటే కోట చూసినట్టే. అత్తగారి ముందు ఈ వాదన నిలబడలేదు.

అప్పుడు దొరికింది ఇది. "ఫోర్ట్ వ్యూ హెరిటేజ్" అని ఏదో పేరు. అసలు పేరు రాయను, ఉచితంగా పబ్లిసిటీ ఎందుకు. ఫోటోల్లో కొండ, కొండ మీద గోడ, గోడ మీద సూర్యోదయం. కోటకి 9 కిలోమీటర్లు. రేటింగ్ 4.6. మా ఆయన దేవుణ్ణి నమ్మరు గానీ 4.6ని నమ్ముతారు. నా తప్పూ ఉంది, దాచను. నేను స్విమ్మింగ్ పూల్ చూశాను. మా చిన్నది ఎండాకాలం నుంచీ పూల్ పూల్ అని ప్రాణం తీస్తోంది.

ఆ 9 కిలోమీటర్లు కాకి ఎగిరితే. మేం కాకులం కాదు కాబట్టి 23 అయింది. అందులో సగం చెరువు కట్ట మీద, ఎదురుగా చెరుకు ట్రాక్టరు వస్తే వెనక్కి పోవడం తప్ప వేరే దారి లేని రోడ్డు. మూడుసార్లు ఫోన్ చేశాం. మూడుసార్లూ అక్కడి కుర్రాడు ఒకటే మాట, "పక్కం దాన్ అక్కా". దగ్గరే అక్కా. చెరువు దాటాక దగ్గరే, గుడి దాటాక దగ్గరే, చీకటి పడ్డాక కూడా దగ్గరే.

గది పేరు రాజ్ మహల్. తలుపు మీద ఇత్తడి ఏనుగు తల. పొద్దున్నే మామగారు నాకంటే ముందు లేచి, తలదువ్వుకుని, కిటికీ తెర తీసి నిలబడ్డారు. ఎదురుగా మోటారు షెడ్డు. దాని రేకు మీద ఎండబెట్టిన గోనె సంచులు. షెడ్డు వెనక ఇటుకబట్టీ పొగ. కుర్రాణ్ణి పిలిచి కోట ఏదిరా అంటే, వేలు పెట్టి చూపించాడు. "ఆ కొండ ఉంది కదా సార్, దాని వెనకాల కొండ, దాని వెనకాల." మామగారు "ఓహో" అన్నారు. ఆయన మంచివారు కాబట్టి ఓహో అన్నారు. 1690 నుంచి 1698 దాకా ఎనిమిదేళ్ళు ఇదే కోట ముందు ముట్టడి వేసి కూర్చున్నాడు ఔరంగజేబు సేనాపతి జుల్ఫికర్ ఖాన్. లోపల శివాజీ కొడుకు రాజారాం. ఎండకి, వానకి, జ్వరాలకి ఓర్చుకుని డేరాల్లో పడున్నాడు పాపం, అయినా ఆ డేరాల్లోంచి కోట కనబడేది. ఫోర్ట్ వ్యూ ఆయనది. రేటింగ్ ఎంతిచ్చేవాడో.

పూల్‌లో నీళ్ళు లేవు. "మెయింటెనెన్స్ అక్కా." లోపల రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక కప్ప. చిన్నది కప్పతో సరిపెట్టుకుంది.

ఇదంతా కూడా భరించేదాన్ని. బ్రేక్‌ఫాస్ట్ తొమ్మిదింటికట! ఆరున్నరకి కాఫీ అడిగితే మాస్టర్ ఇంకా రాలేదన్నాడు. అలాగే ఖాళీ కడుపున బయల్దేరదామంటే మామగారికి షుగర్ మాత్రలు. సరే కానీండి అంటే చెకౌట్ పదింటికి. అంటే ఇడ్లీ తినడం, సామాన్లు సర్దడం, పిల్లలకి జడలు, అన్నీ ఆ గంటలో. కోటకి వచ్చేవాళ్ళ కోసమే పెట్టిన హోటలు, కోట ఎప్పుడు ఎక్కాలో వీళ్ళకి తెలీదా? తెలుసు. మనం ఎక్కినా ఎక్కకపోయినా వాళ్ళకి 6,500 వస్తుంది, అదీ తెలుసు.

మేం కోట చేరేసరికి పావుతక్కువ పదకొండు. తిరువణ్ణామలై రోడ్డు కోట మధ్యలోంచే పోతుంది, రాజగిరి ఒక పక్క, కృష్ణగిరి ఇంకో పక్క. అంత సులువు అక్కడికి రావడం, సెంజి ఊళ్ళోంచి వస్తే. మూడు కొండల్ని కలుపుతూ గోడ, మొత్తం చుట్టుకొలత 13 కిలోమీటర్లు. శివాజీ 1677లో పట్టుకున్నాక దీన్ని ఇంకెవడూ గెలవలేడన్నాడట. ఇంగ్లీషువాళ్ళు తూర్పు దేశపు ట్రాయ్ అన్నారట. మామగారు కారు దిగి తల ఎత్తి చూశారు, చాలాసేపు. కింద కళ్యాణ మహల్, గుర్రపుసాలలు, ఏనుగుల కోనేరు అన్నీ తిరిగాం, అదంతా చదునే. తర్వాత మెట్ల దగ్గరికి వెళ్ళి మొదటి రాయి మీద అరచెయ్యి పెట్టి చూశారు, స్టవ్ మీద పెనం కాగిందో లేదో చూసినట్టు. చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు. "మీరు ఎక్కి రండమ్మా, నేనూ అత్తయ్యా ఇక్కడ చెట్టు కింద కూర్చుంటాం" అన్నారు.

మేం ఎక్కామా అంటే అదీ లేదు. సగం దూరంలో కోతి వచ్చి చిన్నదాని చేతిలో బిస్కెట్ ప్యాకెట్ లాక్కుంది, అది ఏడుపు, పెద్దాడికి దాహం, తెచ్చిన నీళ్ళు అయిపోయాయి. పైన బండలు చీలిన చోట చిన్న వంతెన ఉంటుంది, ఒకప్పుడు శత్రువొస్తే ఎత్తేసేవాళ్ళట. అక్కడి దాకా పోలేదు. 1750లో ఫ్రెంచివాళ్ళు ఒక్క రాత్రిలో పట్టుకున్న కోట ఇది. మేం రెండు రోజులు తీసుకుని, 6,500 కట్టి, మెట్ల మధ్యలోంచి వెనక్కొచ్చాం. దిగి వచ్చేసరికి మామగారు చెట్టు కింద కళ్ళు మూసుకుని, తొడ మీద వేళ్ళతో చిన్నగా తాళం వేస్తున్నారు. తందాన తాన. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. కారెక్కగానే రివ్యూ పెట్టింది అందుకే. ఒక్క స్టార్.

ఇంతకీ ఈ "పక్కం దాన్" నాకు కొత్తేం కాదు. ఇక్కడే నాకు అసలు మంట. 2016లో వేళచ్చేరిలో ఇల్లు వెతుకుతున్నప్పుడు బ్రోకర్ ఇదే మాట అన్నాడు. "స్టేషన్ పక్కం దాన్ సార్, నడిచి ఐదు నిమిషాలు." మా ఆయన పొడుగ్గా ఉంటారు, పెద్ద అంగలు, ఆయనకే ఇరవై ఏడు నిమిషాలు పట్టింది. అంతకుముందు డిసెంబరులోనే కదా చెన్నై అంతా మునిగింది. వేళచ్చేరిలో పడవలు తిరిగాయి. "ఇక్కడికి నీళ్ళు వచ్చాయా?" అంటే ఓనరు ఆంటీ గుండె మీద చెయ్యేసుకుని, "అస్సలు రాలేదమ్మా, ఆ చివరి వీధి దాకే" అంది. ఇంట్లో చేరిన నాలుగో రోజు సాయంత్రం, పడమటి ఎండ హాల్లో పడినప్పుడు చూశాను. గోడంతా క్రీమ్ కలరే. కానీ నా ఛాతీ ఎత్తు వరకు ఒక క్రీము, పైన ఇంకో క్రీము. గీత గీసినట్టు, నాలుగు గోడలకీ ఒకే ఎత్తులో. నీళ్ళు ఎంత దాకా వచ్చాయో అంత వరకే రంగు వేయించింది మహాతల్లి, పైన దేనికి దండగ అని.

పది నెలల అడ్వాన్సు ఇచ్చేశాం అప్పటికే. రెండేళ్ళు ఆ చెమ్మ గోడల మధ్య పెద్దాడికి దగ్గు. ఖాళీ చేసేటప్పుడు ఆ అడ్వాన్సులోంచి 40,000 పట్టుకుంది. దేనికో తెలుసా? పెయింటింగ్ చార్జీలకి! మీరుంటే గోడలు పాడయ్యాయి అంది. మా ఆయన "పోనీలే, గొడవెందుకు" అన్నారు. ఆయన జీవితమంతా పోనీలేనే. అక్కడ 40,000 పోనీలే, ఇక్కడ 6,500 పోనీలే, ఇందాక టోల్‌గేట్‌లో రెండుసార్లు కట్ అయితే అదీ పోనీలే. మా ఇంట్లో డబ్బు పోదండీ, పోనిస్తాం.

ఇప్పుడు ఓనరుగారికి తిరుగు జవాబు టైపు చేస్తున్నాను. మూడు పేరాలైంది, ఇంకా గేదెల దగ్గరే ఉన్నా. మా ఆయన బాత్రూమ్ దగ్గర్నుంచి "గీజర్ ఆఫ్ చెయ్యవా, నీళ్ళు మరుగుతున్నాయి" అని అరుస్తున్నారు. అత్తగారు నా పక్కన కూర్చుని చేతిసంచీ తిరగేసి, మడతపెట్టిన కోట టికెట్టు తీశారు. వెనక పెన్సిల్‌తో ఫోన్ నంబరు.

"టీ కొట్టబ్బాయి రాసిచ్చాడు అమ్మాయ్. బస్టాండు దగ్గర లాడ్జీ. ఏసీ గది 1,400 అట. కింద హోటల్లో ఐదున్నరకే కాఫీ దొరుకుతుందట. మామయ్యగారికి ఇప్పుడే చెప్పకు."