నెత్తి మీద దీపం

మా ఆవిడకి తొమ్మిదిన్నరకల్లా నిద్ర ముంచుకొస్తుంది. నాకు సరిగ్గా అప్పుడే పుస్తకం గుర్తొస్తుంది. ట్యూబులైటు వేసిన రెండో నిమిషంలో దుప్పట్లోంచి "ఆర్పండీ" అని వినిపిస్తుంది. "ఒక్క పేజీ" అంటాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ ఒక్క పేజీ ఇంకా పూర్తి కాలేదు.

ఈసారి మాత్రం పెద్ద మనసు చేసుకున్నాను. నా చదువు వల్ల ఇంకొకరి నిద్ర చెడకూడదు, చేతికందే చిన్న లైటొకటి కొనేద్దాం అనుకున్నాను.

మాది పర్లాకిమిడి. 1936లో ఊరు ఒడిశాలో కలిసింది గానీ మా వీధి అరుగుల మీద తెలుగు ఇంకా కాళ్ళు చాపుకునే కూర్చుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో మేష్టరుగా వచ్చిన ఊరు ఇది. కరెంటు లేని ఆ రోజుల్లో మొదలెట్టి ఇక్కడి గిరిజనుల సవర భాషకి నిఘంటువే తయారుచేశారాయన. నేను కథల పుస్తకం చదవడానికి వెలుగెంతో చెప్పే ల్యూమెన్లు, దాని రంగు చెప్పే కెల్విన్లు లెక్కేస్తూ ఫోను పట్టుకుని వారం కూర్చున్నాను. ఆ వారంలో పుస్తకం ముట్టుకోలేదు.

మొదట కొన్నది పుస్తకానికి తగిలించే క్లిప్పు లైటు. అట్టకి పట్టకారులా కరుచుకుంటుంది. ఎడమ పేజీ పట్టపగలు, కుడి పేజీ అమావాస్య. పేజీ తిప్పినప్పుడల్లా లైటు మెడ వంచాలి, వంచితే పుస్తకం ఒరిగిపోతుంది. పైగా 6500 కెల్విన్ల తెల్లటి వెలుగు. తెల్ల కాగితం మీద పడి అది తిన్నగా మా ఆవిడ మొహం మీదికి వెళ్ళింది. ఆవిడ ఒక కన్ను తెరిచి, "ఏటండీ ఇది, పోస్టుమార్టం గదిలా ఉంది" అని అటు తిరిగి పడుకుంది.

రెండోది నెత్తికి కట్టుకునేది. పాతపట్నం వెళ్ళినప్పుడు ఒక కొట్లో కొన్నాను. కొట్టతను గర్వంగా, "వెయ్యి ల్యూమెన్లండి, అడవిలో పంది కూడా కనిపించేస్తాది" అన్నాడు. నేను వెతుకుతున్నది పందిని కాదు, అక్షరాన్ని అని చెప్పాల్సింది. చెప్పలేదు. దూరం సగానికి తగ్గితే వెలుతురు నాలుగింతలవుతుంది. అడుగు దూరంలో ఉండే పుస్తకానికి ముప్పై నలభై ల్యూమెన్లు దండి. ఇవన్నీ తెలిసీ కొన్నాను. వెయ్యి అన్న మాటలో ఏదో ఉంది.

దానికి ఒకటే బొత్తాం. ఒకసారి నొక్కితే చిన్న వెలుగు, రెండోసారికి మధ్యరకం, మూడోసారికి పెద్దది, నాలుగోసారికి టపటపా కొట్టుకునే వెలుగు, అయిదోసారికి ఆరుతుంది. అంటే చిన్న వెలుగులో ఉన్నవాడు ఆర్పుకోవాలంటే మెరుపులు, పిడుగులు దాటి వెళ్ళాలన్నమాట. ఈ ఏర్పాటు చేసినవాడు పక్కన ఒక మనిషిని పెట్టుకుని ఎప్పుడూ చదివి ఉండడు.

ఆ రోజు సాయంత్రం వాన కురిసి వెలిసింది. రాత్రి పదింటికి కరెంటు పోయింది. గాలి కోసం కిటికీ తీసి, నెత్తిన దీపం పెట్టుకుని కూర్చున్నాను. పావుగంటలో ఉసుళ్ళు వచ్చాయి. వీధి వీధంతా చీకటి, ఉన్న వెలుగల్లా నా నుదురే. ఇంకెక్కడికి పోతాయి పాపం! పేజీ నిండా రెక్కలు రాలాయి. ఏది కామానో ఏది రెక్కో తెలియక రెండు వాక్యాలు తప్పు చదివాను. నోరు తెరిచి ఆవలిస్తే ఒకటి లోపలికి వెళ్ళిపోయింది.

ఉసుళ్ళ వెనక బల్లి వచ్చింది. నేను తలెత్తి చూస్తే వెలుగు పైకప్పుకి పోయింది, ఉసుళ్ళూ పైకి పోయాయి, బల్లి అక్కడికి పాకింది. తల దించాను. ఉసుళ్ళు దిగాయి. బల్లి కూడా దిగుదామనుకుంది. టప్పుమని నా నడినెత్తిన పడింది.

మగవాళ్ళకి తల మీద బల్లి పడితే కలహం అని పంచాంగంలో రాసి ఉంటుంది. నాకలాంటివాటి మీద నమ్మకం లేదు. అయితే ఆ ఫలితం రావడానికి అరనిమిషం కూడా పట్టలేదు. నేను కేక పెట్టి నెత్తి తడుముకున్నాను. చెయ్యి బొత్తాం మీద పడింది. ఒకటి, రెండు, మూడు. మా ఆవిడ లేచి చూసేసరికి మొగుడు మంచం మీద గంతులేస్తున్నాడు, నుదుటి మీద మెరుపులు. "ఒలమ్మో, దాన్ని ఆర్పండి ముందు!" అంటుంది. ఆర్పడానికి ఇంకొక్కసారే నొక్కాలి, కంగారులో రెండుసార్లు నొక్కాను. ఆరి మళ్ళీ వెలిగింది.

అంతలో వీధి తలుపు చప్పుడు. ఎదురింటి ఒడియా మౌసీ, ఆమె వెనక మరో నలుగురు. కిటికీలోంచి టపటపా కొట్టుకునే వెలుగు చూసి మా ఇంటికి అంబులెన్సు వచ్చిందనుకున్నారట. "ఎవరికేటయింది?" అని మౌసీ అప్పటికే కళ్ళు ఒత్తుకుంటోంది. ఎవరికీ ఏమీ కాలేదని, పుస్తకం చదువుకుంటున్నానని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. అర్ధరాత్రి నాకు తలంటు స్నానం.

మూడోది మా ఆవిడే తెప్పించింది, నన్ను నమ్మక. మెడలో కండువాలా వేసుకునేది, రెండు కొసలా రెండు చిన్న దీపాలు. పసుపుపచ్చటి వెలుగు కాబట్టి పురుగుల బెడద తక్కువ. పేజీ మీద తప్ప ఇంకెక్కడా పడదు. మూడు రాత్రులు హాయిగా చదివాను, ఆవిడ హాయిగా పడుకుంది. నలభై మూడో పేజీ దాకా వచ్చాను.

నాలుగో రోజు కరెంటు పోయినప్పుడు మౌసీ దాన్ని చూసింది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయన్న సంగతి ఆమెకి నాకంటే ముందు తట్టింది. "ఒక్క గంట బాబూ, చేపలు కోసుకుంటాను" అంది. మర్నాటికి వచ్చింది, పొలుసు వాసనతో. ఆ పైన వాళ్ళ అల్లుడి స్కూటరు పంచరుకి వెళ్ళింది. అక్కడినుంచి పక్క వీధిలో పెళ్ళివారి పూలదండలకి. ఛార్జింగు అయిపోయినప్పుడు మాత్రం తప్పకుండా మా ఇంటికే వస్తుంది.

నిన్న రాత్రి మళ్ళీ కరెంటు పోయింది. చూస్తే ఎదురింటి అరుగు మీద పచ్చటి వెలుగు, మౌసీ బియ్యంలో రాళ్ళేరుతోంది. సిగ్గు విడిచి పుస్తకం తీసుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను. పేజీ చేట వైపుకి వంచి రెండు వాక్యాలు చదివానో లేదో,

"టికే ఘుంచి జాఅ బాబూ," అంది మౌసీ తలెత్తకుండానే, "నా ఎలుగుకి అడ్డొస్తన్నావు."