నడవ గోడ మీద కొలువైన థర్మోస్టాట్ గారికి

మహారాజశ్రీ థర్మోస్టాట్ గారి దివ్య సముఖమునకు, ఇంగ్లండులోని రెడింగ్ పట్టణంలో తమరి కొలువుకు గ్యాస్ బిల్లు కడుతున్న దాసుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మేమంతా స్వెట్టర్లలో క్షేమం.

తమరు మాత్రం క్షేమంగా లేరని నాకు తెలుసు. తమరిని బిగించిన మహానుభావుడు ఇల్లంతా వదిలేసి వీధి తలుపు పక్కన, చెప్పుల స్టాండు పైన చోటు చూశాడు. ఇంటి వేడి కొలిచి, చాలకపోతే వెచ్చబెట్టమని చెప్పడం తమరి ఉద్యోగం. బయటి గాలి మొదట తగిలేదీ తమరికే. పోస్ట్‌మన్ తలుపు సందులోంచి ఓ పిజ్జా కరపత్రం తోస్తే చాలు, ఇల్లు మంచుకొండ అయిపోయినట్టు తమరు, గ్యాస్‌తో నీళ్లు కాచి ఇంటిని వెచ్చబెట్టే బాయిలర్‌కి కబురు పంపుతారు. హాల్లో మేం చెమటలు తుడుచుకుంటూ ఉంటాం, నడవలో తమరు వణుకుతూ ఉంటారు. చివరికి ఆ సందుకి ఒక బ్రష్షు పట్టీ అతికించాక గానీ తమరికి జ్వరం తగ్గలేదు.

మా ఇంట్లో దేవుడి గదికి పొద్దున ఒక్కసారే వెళతాం. తమరి దగ్గరికి మాత్రం రోజుకు పదిసార్లు. నేను వెళ్లి 18 డిగ్రీలు పెడతాను. మా ఆవిడ నీళ్లు తాగే వంకతో వచ్చి 21 చేస్తుంది. 18 చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2018లో చెప్పింది కదా అని నేను వాదనకు దిగితే, పిల్లలకీ పెద్దవాళ్లకీ ఇంకాస్త ఎక్కువ కావాలన్న ముక్క కూడా చదవమంది. చదివాను. ఉంది. అప్పటినుంచి ఆ సంస్థ పేరు మా ఇంట్లో నేను ఎత్తడం లేదు.

ఈ 18 గోల ఎంత విచిత్రమో చూడండి. హైదరాబాదులో మా తమ్ముడు మే నెలలో ఏసీ 18 మీద పెట్టుకుని, రెండు దుప్పట్లు కప్పుకుని, కరెంటు బిల్లు చూసి గుండె పట్టుకుంటాడు. వాడు 18లోకి పోవడానికి డబ్బు కడుతున్నాడు, నేను 18లోంచి బయటపడటానికి కడుతున్నాను. ఇద్దరికీ తలా ఒక ఊరు మారిస్తే సరిపోయేది.

పోయిన డిసెంబర్‌లో అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. మంకీ క్యాప్ తియ్యకుండానే మొదటి మాట, "ఇంట్లో స్వెట్టర్ వేసుకు తిరగడానికా నాయనా ఇంత దూరం వచ్చావు?" అంది. తర్వాత తమరిని చూసింది. గోడ మీద గుండ్రంగా, అంకెలతో ఉన్నారు కాబట్టి ఫ్యాన్ రెగ్యులేటర్ అనుకుంది. అయిదులో పెడితే గట్టిగా తిరుగుతుంది కదా, అలాగే 30 పెడితే గబగబా వెచ్చబడుతుందని తిప్పేసింది. అమ్మని అనడం దేనికి, ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లూ అదే చేస్తారు. బండి బోర్డు మీద తెనాలి చెరిపి చెన్నై అని రాసినంత మాత్రాన పాసింజరు ఎక్స్‌ప్రెస్ అయిపోదు, ఇంకా దూరం పోతుందంతే. తమరూ అంతే. 20 అయినా 30 అయినా ఇల్లు ఒకే వేగంతో వేడెక్కుతుంది, కాకపోతే 30 పెడితే ఆగడం మర్చిపోతుంది.

బాయిలర్ పంపే వేడినీళ్లు తిరిగే ఇనప పలకలు ఇక్కడ గది గదికీ గోడకి ఉంటాయి, వాటినే రేడియేటర్లంటారు. అమ్మ వచ్చాక మూడు రేడియేటర్ల మీద మూడు చీరలు ఆరాయి. వేడి చీరల్లోనే ఉండిపోయింది, తడి కిటికీ అద్దాల మీదకి చేరింది, వారం తిరిగేసరికి మూలన నల్లటి బూజు. ఇంకో రేడియేటర్‌ని ఆనించి మా సోఫా ఉండేది. ఆరేళ్లుగా ఈ ఇంట్లో అందరికంటే వెచ్చగా బతికింది ఆ సోఫాయే. దాన్ని జానెడు ముందుకు జరపడానికి నాకు ఆరేళ్లు పట్టింది, చేతులకు పట్టింది ఒక్క నిమిషం.

బిల్లు సంగతి చెప్పుకుందాం. ఇక్కడ ఆఫ్‌జెమ్ అనే గ్యాస్, కరెంటు నియంత్రణ సంస్థ 2019 జనవరి నుంచి ధరకు ఒక గరిష్ఠ పరిమితి పెట్టింది. అది నా బిల్లుకు పరిమితి అనుకుని మొదటి చలికాలం నిశ్చింతగా కాల్చాను. కాదట, యూనిట్ ధరకూ రోజువారీ చార్జీకీ మాత్రమేనట. ఎంత కాలిస్తే అంత. సంక్రాంతికి ఇంటికి తాళం వేసి ఊరెళ్లినా సరే, స్టాండింగ్ చార్జీ పేరుతో గ్యాస్ వాడికి రోజు కూలీ పడాల్సిందే. ఇంకో మాట, మధ్యలో తమరి మీద అలిగి నేను రెండు కిలోవాట్ల కరెంటు హీటర్ ఒకటి కొనుక్కొచ్చాను. అప్పట్లో గ్యాస్ యూనిట్ ఆరేడు పెన్నీలైతే కరెంటు యూనిట్ పాతిక దాకా ఉండేది. ఆ హీటర్ ముందు గంట కూర్చుంటే యాభై పెన్నీలు, అంటే యాభై రూపాయల పైమాటే. ప్రస్తుతం అది అటక మీద తపస్సు చేసుకుంటోంది.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. జనవరిలో బాయిలర్‌కి ఏటా చేసే సర్వీసు కోసం ఒకాయన వచ్చాడు. వంటింటి అల్మరా తెరిచి, ఒక బటన్ నొక్కి, "రేడియేటర్లకి నీళ్లు 80 డిగ్రీల మీద పంపిస్తున్నారేంటి?" అన్నాడు. మేం ఎవరం పంపించలేదు. ఇల్లు కొన్నప్పటినుంచీ అదే అంకె. తమరి దగ్గర ఒక్క డిగ్రీ కోసం మొగుడూ పెళ్లాం మాట్లాడుకోవడం మానేసిన రోజుల్లో కూడా, పప్పు డబ్బాల పక్కన ఆ 80 హాయిగా కూర్చునే ఉంది.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మాది కండెన్సింగ్ బాయిలర్. 2005 ఏప్రిల్ నుంచి ఇంగ్లండులో కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ ఆ రకమే. గ్యాస్ మండితే వచ్చే ఆవిరిని ఊరికే పోనివ్వకుండా నీళ్లుగా మార్చి, అందులోని వేడిని వెనక్కి లాక్కోవడం దాని పని. అన్నం గిన్నె మీద మూత పెడితే లోపల నీటి చుక్కలు కట్టవూ, అలాగ. కానీ ఇల్లంతా తిరిగి వచ్చే నీళ్లు సుమారు 55 డిగ్రీల కన్నా చల్లగా ఉంటేనే ఆ చుక్కలు కడతాయి. 80తో పంపితే నీళ్లు వేడివేడిగానే తిరిగొస్తాయి. ఖరీదైన బాయిలర్ కాస్తా మామూలు పొయ్యి అయి కూర్చుంటుంది. ఆయన దాన్ని 60కి దించాడు. దీనివల్ల గ్యాస్‌లో ఆరు నుంచి ఎనిమిది శాతం మిగలొచ్చని 2022లో ఈ బాయిలర్ల పరిశ్రమ వాళ్లే లెక్క చెప్పారు. (వేడినీళ్లు ట్యాంకులో నిలవ చేసుకునే ఇళ్లవాళ్లు ఇలా దించే ముందు ఒకసారి అడగండి. ట్యాంకు చల్లగా ఉంటే సూక్ష్మజీవులు చేరతాయి. మాకు ట్యాంకు లేదు.)

ఇప్పుడు రేడియేటర్లు చెయ్యి పెడితే చురుక్కుమనడం లేదు. ఇల్లు వెచ్చబడటానికి ఇంకో అరగంట పడుతోంది, అందుకని టైమర్ అరగంట ముందుకు జరిపాం. అంతే తేడా.

ఇదంతా ఫోన్లో చెబితే అమ్మ నవ్వింది. తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ల పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద కాగు ఉండేది. కొబ్బరి మట్టలు, మొక్కజొన్న కండెలు, పిడకలు, ఏది దొరికితే అది. అమ్మమ్మ కాగులో వేలు ముంచి చూసేది, నీళ్లు కాగాయనుకుంటే వెంటనే కట్టె వెనక్కి లాగేసేది. "కట్టె లాగాలని నీకు ఇంగ్లీషోడు వచ్చి చెప్పాలట్రా?" అంది అమ్మ.

కాబట్టి థర్మోస్టాట్ గారూ, తమరికి క్షమాపణలు. వంటింట్లో వాడు చేసిన పనికి ఆరేళ్లు తమరిని నిలదీశాం. నిన్న రాత్రి మా ఆవిడా నేనూ కూర్చుని రాజీపడి 19 దగ్గర సంతకాలు చేసుకున్నాం. పక్క మీద చేరి ఈ ఉత్తరం రాస్తుండగానే కింద నడవలోంచి చిన్నగా ఒక కీచు వినిపించింది. 20 అయ్యుంటుంది. లేచి చూద్దామనే అనుకున్నాను గానీ, దుప్పట్లోంచి కాలు బయట పెట్టాలంటే చలి.

ఇట్లు,
తమరి విధేయుడు,
మేడ మీద గది