తుపాకీ మూతికి తగిన సంబంధం

అమెరికా ముందు సవాలక్ష సమస్యలు ఉండొచ్చు. టెక్సాస్‌లో రైఫిల్ ఉన్న మగాడి ముందు మాత్రం ప్రస్తుతం ఉన్నది ఒక్కటే. సప్రెసర్, అంటే తుపాకీ మోత తగ్గించడానికి దాని కొసన బిగించే సైలెన్సర్ గొట్టం, ఏ కంపెనీది కొనాలి?

2026 జనవరి 1 నుంచి దాని మీద ఫెడరల్ పన్ను సున్నా అయింది. 1934లో పెట్టిన 200 డాలర్ల పన్ను అది. ఆ రోజుల్లో వస్తువు ఖరీదు కంటే పన్నే ఎన్నో రెట్లు ఎక్కువ. తొంభై ఏళ్లు అది పెరగనూ లేదు, తరగనూ లేదు. ‘కొనేవాణ్ణే, పన్ను దగ్గర ఆగాను’ అని చెప్పుకోవడానికి ఉన్న ఏకైక గౌరవప్రదమైన సాకు ఇలా పోయింది. ఫారం, వేలిముద్రలు, ఫొటో మాత్రం అలాగే ఉన్నాయి.

ఇంతకుముందు అనుమతి రావడానికి తొమ్మిది నెలలో, ఏడాదో పట్టేది. డబ్బంతా కట్టేశాక కూడా సరుకు డీలర్ బీరువాలోనే ఉండేది. దాన్ని కొన్నవాళ్లు ‘జైలు’ అంటారు. కొన్ని షాపుల్లో షూటింగ్ రేంజ్ కూడా ఉంటే, కొన్నవాడు వెళ్లి ములాఖత్‌లాగా కాసేపు కాల్చుకుని మళ్లీ అప్పజెప్పి వచ్చేవాడు. తప్పు బ్రాండ్ కొన్నానేమో అని తీరిగ్గా కుమిలిపోవడానికి ఆ ఏడాది సరిపోయేది. ఆన్‌లైన్ దరఖాస్తులు వచ్చాక కొందరికి రోజుల్లోనే అనుమతి వచ్చేస్తోంది. కుమిలిపోయే టైమ్ కూడా ఇవ్వకుండా మనిషి చేతిలో పెట్టేస్తే ఎలా?

సరే, ఎంపిక. ముందు పేర్లు చూద్దాం. ‘క్యూ’ అనే కంపెనీ తన సప్రెసర్లకు ట్రాష్ పాండా, థండర్ చికెన్, జంబో ష్రింప్ అని నామకరణం చేసింది. చెత్తడబ్బాలు వెతికే రకూన్, ఉరుముల కోడి, పెద్ద రొయ్య అన్నమాట. వెయ్యి డాలర్ల చుట్టుపక్కల ఖరీదు చేసే లోహపు గొట్టానికి ఈ పేర్లేమిటని అడిగితే, మీకు ఇంజనీరింగ్ తెలియదని అర్థం.

తర్వాత డెసిబెల్స్, అంటే శబ్దం కొలత. రైఫిల్ పేలితే 160 పైచిలుకు. మంచి సప్రెసర్ అందులోంచి పాతికో, ముప్పయ్యో తీసేస్తుంది. మిగిలిన నూట ముప్పై చిల్లర కూడా చెవికి తక్కువేం కాదు. పైగా .308 అనే రైఫిల్ తూటా సెకనుకు 800 మీటర్ల పైన పోతుంది, శబ్దం 340 దగ్గరే ఆగిపోతుంది. తూటా గాల్లో చేసే ఆ ‘ఫట్’మనే చప్పుడును ఏ బ్రాండూ ఆపలేదు. అయినా ప్రకటనల్లో దశాంశ స్థానం దాకా లెక్కలుంటాయి. మైకును గొట్టం కొస పక్కన పెడితే ఒక అంకె, కాల్చేవాడి చెవి దగ్గర పెడితే ఇంకోటి. మొదటి తూటాకి, గొట్టంలో నిలిచి ఉన్న ఆక్సిజన్ కూడా మండడంతో, మోత కాస్త ఎక్కువ. దాన్ని సగటులో కలపాలా వద్దా అన్నదాని మీద పాతికేళ్ల స్నేహాలు చెడిపోతాయి. రెండు డెసిబెల్స్ తేడాను చెవితో పట్టగలిగిన వాడికి, ఆ చెవి ఇన్నాళ్లూ రేంజ్‌లో ఎలా మిగిలిందో ఆశ్చర్యమే.

లోహం సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. టైటానియం తేలిక, కానీ గబగబా కాలిస్తే నిప్పురవ్వలు చిమ్ముతుంది. ఇంకొనెల్, స్టెలైట్ లాంటి మిశ్రలోహాలు ఎంత వేడికైనా ఆగుతాయి, కానీ బరువు. నాలుగు ఔన్సుల కోసం వంటింటి తక్కెడ గరాజ్‌లోకి వచ్చేస్తుంది. కొన్నవాడి నడుము చుట్టూ ఉన్న ఔన్సుల ప్రస్తావన ఇక్కడ మర్యాద కాదు.

అసలు విషయం మౌంట్. సప్రెసర్‌ను తగిలించడానికి తుపాకీ కొసన బిగించే చిన్న ముక్క అది. నాకు తెలిసినంతలో ఇదంతా పెళ్లి సంబంధమే. అబ్బాయి సప్రెసర్‌ను చూసి ఇష్టపడతాడు, చేసుకునేది మాత్రం వాళ్ల ఇంటివాళ్లను. డెడ్ ఎయిర్ వాళ్లది కీమో, సైలెన్సర్‌కో వాళ్లది ఏఎస్ఆర్, క్యూ వాళ్లది చెర్రీ బాంబ్, ష్యూర్‌ఫైర్ వాళ్లది వాళ్లదే. ఒకరి తాళం ఇంకొకరికి పట్టదు. నాలుగు రైఫిళ్లకు నాలుగు మౌంట్లు కొన్నాక, సప్రెసర్ నచ్చకపోయినా మనిషి సర్దుకుపోతాడు. ఈ మధ్య చాలా కంపెనీలు ‘హబ్’ అనే ఉమ్మడి మరకు ఒప్పుకుని కులాంతర వివాహాలకు దారి తెరిచాయి. పెద్దలు ఒప్పుకున్నారే గానీ, కలవని కొలతలు ఇంకా బయటపడుతూనే ఉంటాయి.

ముహూర్తానికి ముందు ఒక పరీక్ష ఉంది. సన్నటి స్టీల్ కడ్డీని తుపాకీ గొట్టంలోంచి దూర్చి, సప్రెసర్ రంధ్రంలో అది సరిగ్గా మధ్యలో ఉందా అని ఒక కన్ను మూసి చూస్తారు. వెంట్రుకంత పక్కకు ఒరిగినా గుండె జారిపోతుంది. ఆ స్థితిలో కాలిస్తే తూటా లోపలి పళ్లాలకు తగిలి వెయ్యి డాలర్లు చిల్లుపడతాయి. అంతా కుదిరితే అప్పుడు మసి వస్తుంది. ఎక్కువ కాల్చి విప్పకుండా వదిలేస్తే కార్బన్ పేరుకుని మౌంట్, సప్రెసర్ విడాకులకు ఒప్పుకోవు. నూనెలో నానబెట్టి, వైస్‌లో బిగించి, రెంచ్‌తో లాగాలి.

ఇదంతా మొదలుపెట్టింది హైరమ్ పెర్సీ మాక్సిమ్. 1909లో సైలెన్సర్‌కు పేటెంట్ పొందాడు. ఆయన తండ్రి మెషిన్ గన్ కనిపెట్టి, ఆ మోతలోనే చెవుడు తెచ్చుకున్నాడు. అప్పట్లో సైలెన్సర్లలో పేరున్న బ్రాండ్ ఆ కొడుకుదొక్కటే. పాపం మగవాళ్లు సాయంత్రాలు ఏం మాట్లాడుకునేవారో! నార్వేలో వేటగాడు ఇప్పటికీ షాపుకెళ్లి ఒకటి కొనుక్కుని ఇంటికెళ్లిపోతాడట. బతుకులో లోతు లేదు.

మనవాళ్లలో న్యూజెర్సీ, కాలిఫోర్నియా వాళ్లకు ఈ టెన్షన్ లేదు, అక్కడ మామూలు జనానికి సప్రెసర్లే నిషేధం. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు, వేట లైసెన్స్ లాంటి మినహాయింపు లేకపోతే, తుపాకీ పట్టుకోవడమే నేరం. గ్రీన్‌కార్డు వచ్చేలోగా అధ్యయనం చేసుకోవచ్చు, తొందరేమీ లేదు.

డాలస్ పక్కన ఉండే మా బావమరిదికి పౌరసత్వం వచ్చింది కాబట్టి నెలల తరబడి తర్జనభర్జన పడి చివరికి ఒకటి కొన్నాడు. డబ్బా విప్పితే లోపలి పుస్తకంలో మొదటి సూచన: కాల్చేటప్పుడు చెవులకు తప్పనిసరిగా రక్షణ పెట్టుకోండి.

ఇప్పుడు ఇయర్ మఫ్స్ ఏ కంపెనీవి మంచివో కనుక్కుంటున్నాడు.