పొడి అక్షరం 'ఎఫ్' గారికి

మహారాజశ్రీ 'ఎఫ్' గారికి, మెండెల్సన్ అనే ఇంటిపేరు ముందు, పక్కన చుక్కతో సహా కొలువైన తమరికి నమస్కారాలు.

తమరు క్షేమమేనా అని అడగక్కర్లేదు. మొన్న ఆదివారం పిల్లల పియానో కచేరీలో, కార్యక్రమం కాగితం మీద పదకొండో వరసలో తమర్ని కళ్లారా చూశాను. దర్జాగా ఉన్నారు.

రెండింటికి మొదలన్నారు, ముఖ్య అతిథి నాలుగుంపావుకి వచ్చారు. జ్యోతి వెలిగించడానికి అగ్గిపెట్టె దొరకలేదు. సమోసాలు చల్లారిపోయాయి. పియానోలో ఒక మెట్టు నొక్కితే మళ్లీ పైకి లేవదు, పిల్లలందరూ వేలితో గీరి లేపుకుంటూ వాయించారు. ఇవన్నీ నేను అక్కడికక్కడే క్షమించేశాను. పిల్లల కచేరీకి వెళ్లేవాళ్లం అంతమాత్రం ఓపిక ఇంటి దగ్గరే కట్టుకుని బయల్దేరతాం.

తమర్ని మాత్రం క్షమించలేకపోతున్నాను.

మా అక్క కూతురు ఏడు నెలలు ఒకే ముక్క సాధన చేసింది. 'సెప్టెంబర్' అని. నది ఒడ్డున రాసినట్టుంటుంది, పైన నీళ్లు ఆగకుండా పారుతూనే ఉండాలి, ఆ ప్రవాహం మధ్యలోంచి పాట వినపడాలి, పాట కోసమని నీళ్లు ఆపకూడదు, నీళ్లలో పాట మునిగిపోకూడదు. ఏడు నెలలు మా అక్కావాళ్ల కింది వాటావాళ్లు కూడా విని విని, తప్పు పడితే తలుపు కొట్టి చెప్పే స్థాయికి వచ్చారు. పన్నెండు నెలలకీ పన్నెండు ముక్కలు, చివర ఒక ముగింపు, 1841లో రాసింది బెర్లిన్‌లో ఉన్న ఫానీ హెన్సెల్. వాళ్లాయన చిత్రకారుడు, నెలకో రంగు కాగితం మీద ఆవిడ శుభ్రంగా ఎత్తి రాస్తే ఆయన ప్రతి నెలకీ బొమ్మ వేశాడు. అంత ముచ్చటగా చేసుకున్నది మొత్తంగా అచ్చయింది 1989లో. అవును, మా ఇంటికి టీవీ వచ్చాక.

ఫారం నేనే నింపాను. 'ఫానీ మెండెల్సన్ హెన్సెల్' అని. ఫోన్ చేసి చెప్పాను. వాట్సాప్‌లో పెడితే రెండు నీలం టిక్కులు కూడా వచ్చాయి. అచ్చయి వచ్చింది మాత్రం 'ఎఫ్. మెండెల్సన్'. మైకు పట్టుకున్న అబ్బాయి ఆ కాగితం చూసి, "ఇప్పుడు మనందరికీ తెలిసిన పెళ్లి మార్చ్ రాసిన మహానుభావుడు, ఫెలిక్స్ మెండెల్సన్ గారి రచన" అన్నాడు. చప్పట్లు. పాప స్టూలు మీద కూర్చుని, వేళ్లు మెట్ల మీద పెట్టి, నావైపు చూసింది.

ఆ చూపు నిద్రపోనివ్వడం లేదు కాబట్టి ఈ ఉత్తరం.

ఆ ఇంటి సంగతి తమరికి నేను చెప్పాలా? అక్క ఫానీ 1805లో పుట్టింది, తమ్ముడు ఫెలిక్స్ 1809లో, ఇద్దరూ హాంబుర్గ్‌లోనే. పురిట్లోనే వాళ్లమ్మ ఈ పిల్ల వేళ్లు, పాత కాలపు మహా స్వరకర్త బాఖ్ రాసిన ఫ్యూగులనే చిక్కు ముక్కలు వాయించే వేళ్లంది. అన్నట్టే పదమూడేళ్లకి నాన్న పుట్టినరోజుకి కానుకగా ప్రెల్యూడ్లనే బాఖ్ చిన్న ముక్కలు ఇరవై నాలుగూ చూడకుండా వాయించింది. మురిసిపోయిన ఆ నాన్నే 1820లో కూతురికి రాశాడు, తమ్ముడికైతే సంగీతం వృత్తి కావచ్చేమో, నీకు మాత్రం అది ఎప్పటికీ నగలాగే ఉండాలి అని. నగ! బీరువాలో పెట్టి, పేరంటాలకి తీసేది. గురువుగారు జెల్టర్ ఇంకో ఆకు ఎక్కువ చదివాడు, ఈ అమ్మాయి మగవాడిలా వాయిస్తుందని జర్మన్ మహాకవి గ్యోథేకి ఉత్తరం రాశాడు. మెచ్చుకోవడమే లెండి.

అయినా రాసింది. 450కి పైగా. రాసినవి ఏం చెయ్యాలో తెలియని ఇంట్లో, ఆరు పాటలు తమ్ముడి పుస్తకాల్లో సర్దారు, ఎనిమిదో నంబరు సంపుటంలో మూడు, తొమ్మిదో దాంట్లో మూడు. తమరి ఉద్యోగం అక్కడే మొదలైందనుకుంటాను. 1842లో లండన్‌లో విక్టోరియా రాణి ఫెలిక్స్‌ని కూర్చోబెట్టి, ఆయన పాటల్లో తనకి బాగా నచ్చింది స్వయంగా పాడింది. 'ఇటలీ' అనే పాట. అది కాస్తా అక్కది. పాపం ఆయన ఒప్పుకున్నాడు, ఒప్పుకోవడం చాలా కష్టమైందని వాళ్లమ్మకి ఉత్తరం కూడా రాశాడు. ఆ ఒక్క ముక్కకీ ఫెలిక్స్ మీద నాకు కోపం సగం తగ్గింది. మిగతా సగం అలాగే ఉంచుకున్నాను, ఎందుకంటే అంతకు అయిదేళ్ల ముందు, అక్కని అచ్చు వేయించుకోమని నువ్వైనా చెప్పరా అని అమ్మ అడిగితే, దానికి ఇల్లు చూసుకోవడం ఉంది, నేను చెప్పలేనన్నది ఈయనే. నలభై ఏళ్లొచ్చి, ఇంక అచ్చు వేయిద్దామనుకున్నప్పుడు ఆవిడ తమ్ముడికి రాసిన ఉత్తరం చూడండి: పద్నాలుగేళ్లప్పుడు నాన్నకి ఎలా భయపడ్డానో నలభై ఏళ్లప్పుడు తమ్ముళ్లకి అలా భయపడుతున్నానంది. నలభై ఏళ్లు! కొడుకు ఉన్నాడు, ఇంట్లో ఆదివారం కచేరీలకి ఊరంతా వస్తుంది, అయినా భయం.

ఇంతకీ ఆ మైకు అబ్బాయి పెళ్లి మార్చ్ సంగతి. 1829 అక్టోబర్ 3న ఫానీ పెళ్లి. ఆర్గన్ మీద వాయించడానికి ముక్క రాసి పంపుతానన్నాడు ఫెలిక్స్. లండన్‌లో బండి ప్రమాదంలో మోకాలికి దెబ్బ తగిలింది, పెళ్లికీ రాలేదు, ముక్కా రాలేదు. పెళ్లికూతురు ముందు రోజు రాత్రి కూర్చుని తన పెళ్లికి తనే సంగీతం రాసుకుంది. గోరింటాకు పెట్టుకుని కూర్చోవాల్సిన రాత్రి! ప్రపంచంలో పెళ్లిళ్లన్నిటికీ సంగీతం ఇచ్చిన ఆ మహానుభావుడు సొంత అక్క పెళ్లికి ఇవ్వలేకపోయాడని మైకులో చెప్పు నాయనా, చప్పట్లు కొడతాం.

ఇక ఆవిడ పియానోకి రాసిన పెద్ద రచన, సొనాటా అంటారే, దాని దగ్గరికి వస్తే నాకు మర్యాద ఆగడం లేదు. ఇప్పటిదాకా తమరు అన్నాను. చాలు.

ఇరవై రెండేళ్లప్పుడు, 1828లో, ఆవిడ ఈస్టర్ సొనాటా రాసింది. ఆ మరుసటేడు డైరీలో దాని ప్రస్తావన కూడా ఉంది. తర్వాత కనపడకుండా పోయింది. 1970లో పారిస్‌లో ఒక పాత పుస్తకాల కొట్టులో రాతప్రతి దొరికింది. దాని మీద ఎవరున్నారు? నువ్వు. నీ చుక్క. నువ్వు 'ఎఫ్' అన్నావు, వాళ్లు ఫెలిక్స్ అనుకున్నారు, రెండేళ్లలో ఫెలిక్స్ పేరుతో రికార్డు కూడా వేశారు. ఏంజెలా మేస్ క్రిస్టియన్ అనే పరిశోధకురాలు 2010లో ఆ రాతప్రతిని చూసి, చేతిరాత చూసి, పేజీల నంబర్లు చూసి, ఫానీ పుస్తకంలోంచి ఊడిన పేజీలు ఇవేనని తేల్చేదాకా నలభై ఏళ్లు నువ్వు నోరు మెదపలేదు. ఒక్క అక్షరానివి, పక్కన ఇంకో అక్షరం పెట్టుకుంటే నీ సొమ్మేం పోయింది? ఫానీ ఇంగ్లిషు స్పెల్లింగులో నీ పక్కనుండే 'ఎ' ఒక్కటి ఉన్నా సరిపోయేది కదా!

మా వైపు కూడా నీ చుట్టాలున్నారులే. కానీ మావాళ్లకి కొంచెం బుద్ధుంది. మా దగ్గర ముందు పొడి అక్షరంలోకి ముడుచుకునేది ఇంటిపేరు, మనిషి పేరు మాత్రం పక్కన కాళ్లు బార్లా చాపుకుని పడుకుంటుంది. కె. సుబ్బలక్ష్మి అంటే కె ఎవరో తెలియకపోవచ్చు, సుబ్బలక్ష్మి ఉంటుంది. మీ దేశంలో ఇంటిపేరు సోఫా అంతా పరుచుకుంటే మనిషి చుక్కైపోయి నిలబడుతుంది.

కచేరీ అయ్యాక ఆఫీసు గదిలోకి వెళ్లి అడిగాను. "పేరు పెద్దదైపోయింది మేడమ్, గళ్లలో పట్టలేదు. అయినా ఎఫ్ అంటే ఎఫ్ఫే కదా!" అన్నాడు. అంటూ చల్లారిన సమోసా ఒకటి నా చేతిలో పెట్టాడు. తిన్నాను. ఆకలేసింది.

ఇంటికొచ్చే దారిలో ఆటోలో పాప మాత్రం ఒక మాట అంది. "మరి నువ్వెందుకు పిన్నీ మధ్యలో మెండెల్సన్ అని రాశావు? ఆవిడ పెళ్లయ్యాక హెన్సెల్ కదా." ఎందుకు రాశానంటే, ఆ ఇంటిపేరు లేకపోతే ఎవరూ గుర్తుపట్టరని. తమ్ముడి చెయ్యి పట్టుకుంటే గానీ అక్కని స్టేజి ఎక్కనివ్వరని. ట్రాఫిక్ ఉంది కాబట్టి నేను జవాబు చెప్పనవసరం లేకపోయింది.

ఒక్క విషయంలో మాత్రం నిన్ను వదిలేస్తాను. 1847 మే 14న, ఆదివారం కచేరీకి తమ్ముడి రచన రిహార్సల్ చేయిస్తుండగా ఆవిడ చేతులు మొద్దుబారాయి. ఆ బాఖ్ ఫ్యూగు వేళ్లే. ఆ రోజే పోయింది. ఆ వేసవిలో ఫెలిక్స్ అక్క కోసం ఏడ్చి ఏడ్చి నాలుగు తీగ వాద్యాలకి ఒక క్వార్టెట్ రాశాడు, ఎఫ్ మైనర్ అనే శ్రుతిలో. నవంబర్ 4న తనూ పోయాడు. ఆ ఎఫ్ ఎవరిదని నేను అడగను. అది విన్నాక ఎవరూ అడగరు.

మిగతా చోట్ల అడుగుతాను. నిన్న పై నెల కార్యక్రమానికి మళ్లీ ఫారం వచ్చింది. పాప మళ్లీ 'సెప్టెంబరే' వాయిస్తానంటోంది. రచయిత పేరుకి ఇంగ్లిషులో పన్నెండు గళ్లు ఇచ్చారు. పెన్సిల్‌తో లెక్క పెట్టాను. ఫానీకి అయిదు, మధ్యలో ఒక ఖాళీ గడి, హెన్సెల్‌కి ఆరు. సరిగ్గా పన్నెండు. చుక్కకి చోటు లేదు.

ఇట్లు,
సెప్టెంబర్ పాప పిన్ని